పులి ఒక్క గెంతుకి ఎన్ని మేకలు?

చోడవరం వెళ్లినవాళ్లు స్వయంభూ విఘ్నేశ్వరుణ్ని దర్శించుకుని, దారిలో ఓ బెల్లం దిమ్మ కొనుక్కుని తిరుగు బస్సెక్కేస్తారు. కాస్త ఓపిక చేసుకుని గుడి వెనక వీధుల్లో పొద్దువాలే దాకా ఉంటే మాత్రం... బేతాళుడికీ పులికీ కూడా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది!

"రెండు మేకల మీంచి ఒకేసారి ఎలా గెంతుతాది తాతా?"

"పులమ్మా అది. పిల్లి కాదు. గెంతుతాది."

"ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో ఉంటే అది ఆటెందుకవుతాది, పాఠమవుతాది."

అరుగు మీద చింతపిక్కలు పదిహేను, ఎర్ర గాజుపెంకులు మూడు. పిక్కలు మేకలు, పెంకులు పులులు. అరుగు రాతి మీద ఉలితో చెక్కినట్టున్న గీతలు. ఓ పక్క డెబ్బై దాటిన తాత, ఇంకో పక్క ఇంటర్ పరీక్షలు రాసేసిన మనవరాలు. గుమ్మంలో చాటలో బియ్యం ఏరుకుంటూ నానమ్మ. ఆవిడ ఆటలో లేదు. కానీ తీర్పుల్లో ఉంటుంది. ఎదురింటాయన సైకిలు స్టాండు వేసి నిలబడిపోయాడు. పాలు పోయడానికి వచ్చినావిడ క్యాను దించింది. చోడవరంలో ఓ ఎత్తు మీద గొడవ మొదలైందంటే పనులన్నీ కాసేపు ఆగుతాయి మరి!

ఆ ఇల్లు ఇంకో పది రోజుల్లో పడగొడతారు. పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేస్తున్నారు. కొత్త ప్లానులో కారు పెట్టుకునే చోటుంది, అరుగు లేదు. అరుగు లేదంటే ఆ గీతలూ లేవన్నమాట. ఆ సాయంత్రం పులి గెంతు గురించి అంత పట్టుదల రావడానికి అదీ ఓ కారణం. ఆ సంగతి మాత్రం ఎవరూ పైకి అనలేదు.

చెరకు దారిలో...

చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయేదాకా విశాఖపట్నం జిల్లా. ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే ఇప్పటికీ 'మాది వైజాగ్ జిల్లా' అనే అంటారు, నాలుక్కి అలవాటు కదా! ఊరికి రైలు లేదు. హౌరా-చెన్నై లైన్లో అనకాపల్లి స్టేషన్లో దిగి, బస్సో ఆటోనో పట్టుకుని ఇరవై కిలోమీటర్ల దాకా లోపలికి వెళ్లాలి. దారి పొడవునా చెరకు. అనకాపల్లిది దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్టు. చోడవరం పక్కనే గోవాడలో సహకార చక్కెర కర్మాగారం కట్టారు. ఈ రెండింటి మధ్య తరాల తరబడి చెరకు బళ్లు తిరిగిన నేల ఇది. చెరకు నరికే రోజుల్లో ఊపిరాడనంత పని. మిగతా రోజుల్లో అరుగు మీద కూర్చునే తీరిక. పంటల లెక్కకీ ఆటల లెక్కకీ సంబంధం లేదనుకోవడం పొరపాటు.

ఊరి నడిబొడ్డున విఘ్నేశ్వరాలయం. స్వామి భూమిలోంచి తనంత తానుగా వెలిశాడనీ, తొండం కొస ఎక్కడిదాకా ఉందో ఎవరికీ తెలియదనీ భక్తుల నమ్మకం. వినాయక చవితికి ఇక్కడ కాలు పెట్టే సందుండదు. దగ్గర్లోనే గౌరీశ్వరాలయం. గుడి రాళ్ల మీద చేప గుర్తులున్నాయనీ, ఒడ్డాది రాజధానిగా ఏలిన మత్స్య వంశపు రాజులు కట్టించారనీ స్థానికులు చెబుతారు. ఆ ఒడ్డాదే ఇవాళ్టి వడ్డాది. చోడవరం నుంచి మాడుగుల వెళ్లే దారిలో పలకరిస్తుంది. ఇంకా ముందుకెళితే గోధుమ పాలతో చేసే మాడుగుల హల్వా. ఆ పైన పాడేరు ఘాట్ రోడ్డు. అంటే కొండలూ అడవీ మొదలన్నమాట. పులి కథలు అక్కణ్నుంచే దిగి వచ్చాయి.

కథలేనా? 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు వారాల తరబడి తిరిగిన పెద్దపులి ఒకటి అనకాపల్లి జిల్లాలోకీ వచ్చింది. అటవీ శాఖ బోన్లు పెట్టింది, కెమెరాలు కట్టింది. పులి మాత్రం పశువుల్ని పట్టుకుంటూ, బోనుకి చిక్కకుండా, ఊరు మార్చుకుంటూ పోయింది. ఆ రోజుల్లో జిల్లాలో సాయంత్రం ఆరు దాటితే పొలం గట్టు మీద మనిషి కనిపిస్తే ఒట్టు. అరుగు మీది తాత ఇప్పటికీ ఆ పులినే సాక్ష్యానికి పిలుస్తాడు. "అదేమైనా ఒక్కో పశువుకీ ఒక్కో ఎత్తు అని లెక్కేసుకుందా?"

మనవరాలి జవాబు ఠకీమని వస్తుంది. "బోన్లో పడకపోవడం కూడా నీ ఆటలో లేదుగా తాతా!"

ఇరవై మూడు చోట్లు

పులి-మేక తెలియని ఇల్లు తెలుగు పల్లెల్లో ఒకప్పుడు తక్కువ. పులిజూదం అన్నా ఇదే. సుద్దముక్క దొరికితే గచ్చు మీద, బొగ్గు దొరికితే గోడ నీడలో, ఏదీ లేకపోతే పుల్లతో మట్టిలోనే గీసుకోవచ్చు. కొండ కొసలాంటి ఒక చుక్క నుంచి కిందికి నాలుగు గీతలు. వాటికి అడ్డంగా మూడు గీతలు. వాటి కొసల్ని అటూ ఇటూ కలిపి, కింద పాదం గీస్తే ఇరవై మూడు చోట్లు వస్తాయి. మూడు పులులు ముందే శిఖరం దగ్గర కూర్చుంటాయి. మేకల్ని ఒక్కొక్కటిగా దించాలి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. ఒక్క మేక కూడా చావకుండా అన్నీ దిగాయనుకోండి... మొత్తం పద్దెనిమిది, ఖాళీగా మిగిలేవి అయిదే! ఆ అయిదు ఖాళీల్లోనే ఆటంతా.

పులికి పంజా లేదు, కోరలూ లేవు. దాని ఆయుధం గెంతు ఒక్కటే. పక్కనున్న మేక మీంచి గీత వెంబడి గెంతి అవతలి ఖాళీలో వాలితే మేక చచ్చినట్టు. మేక ఆయుధం ఇంకా చిన్నది, తోడు. ఒక మేక వెనక ఇంకో మేక అదే గీత మీద నిలబడితే పులి గెంతలేదు, వాలే చోటు లేదు కాబట్టి. అలా జోడు కట్టుకుంటూ, అంగుళం అంగుళం జరుగుతూ మూడు పులుల్నీ కదలకుండా బిగించేస్తే మేకలు గెలిచినట్టు. కండ ఒకవైపు, కూడిక ఒకవైపు. రెండు పక్షాలకీ రెండు వేర్వేరు చట్టాలున్న ఆటలు ప్రపంచంలో తక్కువే. నేపాల్ వాళ్ల బాఘ్‌చాల్ దీనికి వరసకి అన్నదమ్ముడవుతుంది. అక్కడ నాలుగు పులులు, ఇరవై మేకలు.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ ఎక్కడంటే...

ఒక మేకని చంపాక, అదే ఊపులో ఇంకో మేక దొరికితే పులి మళ్లీ గెంతవచ్చా? కొన్ని ఇళ్లలో వచ్చు, కొన్ని ఇళ్లలో రాదు. చంపగలిగే చోట చంపకుండా వదిలేసిన పులికి శిక్ష ఉందా? ఎన్ని మేకలు పోతే ఓటమి ఒప్పుకోవాలి, అయిదా, పదా, ఆఖరి మేక దాకానా? వీధి మారితే జవాబు మారుతుంది. పెళ్లై అత్తారింటికి వచ్చిన కోడళ్లు పుట్టింటి ఆవకాయ పాళ్లతో పాటు పుట్టింటి పులి లెక్కల్నీ తెచ్చారు. దాంతో ఒకే ఇంట్లో రెండు చట్టాలు! ఇవన్నీ రాజీకి వచ్చే తగాదాలే. ఆట మొదలెట్టేముందు 'ఏ లెక్క?' అని అడిగితే సరిపోతుంది.

ఈ అరుగు మీద తాత చెప్పే లెక్క మాత్రం వేరు. జోడు కట్టిన రెండు మేకల మీంచి కూడా పులి గెంతుతుందట. రెండూ చచ్చినట్టట. అదే నిజమైతే మేకలకున్న ఒకే ఒక్క ఆయుధం పోయినట్టే. మనవరాలు ఒప్పుకోనిదీ అందుకే. "అప్పుడు మేకలు ఎందుకు ఆడాలి తాతా? ఊరికే లైన్లో నిలబడి చావడానికా?"

తాత దగ్గర దీనికి జవాబు లేదు. రూలు మాత్రం మార్చడు.

ఆ అమ్మాయిని ఎవరడిగారు?

ఈ ఇంట్లో తగాదా పులితోనే ఆగదు. ఆట మధ్యలో ఎవరో ఒకరు చందమామ ఊసెత్తుతారు. ఇక పిక్కలు ఎక్కడివక్కడే!

1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలెట్టిన చందమామ ఇప్పుడు రావడం లేదు. కానీ అటక మీది రేకుపెట్టెలో ఆ కాగితం వాసన ఇంకా ఉన్న ఇళ్లకి ఉత్తరాంధ్రలో కొదవ లేదు. దాని అందానికి ఈ నేలతో చుట్టరికం కూడా ఉంది. చందమామ అట్టల మీద దేవతల్నీ నాయికల్నీ బంగారు రంగుల్లో దించిన వడ్డాది పాపయ్య, మనందరి వపా, పుట్టింది శ్రీకాకుళంలో. ఉన్నదీ 1992లో కన్నుమూసిందీ అనకాపల్లిని ఆనుకునే ఉన్న కశింకోటలో. మద్రాసులో అచ్చయ్యే బొమ్మకి రంగు ఇక్కడ పడేదన్నమాట. ఇంటిపేరూ, చోడవరం పక్కనున్న ఊరి పేరూ ఒకటే కావడం చూసి ఈ చుట్టుపక్కల వాళ్లు కాస్త గర్వపడితే తప్పేముంది!

తాతకి చందమామ అంటే శంకర్ గీసిన విక్రమార్కుడు. భుజాన శవం, చేతిలో కత్తి. బేతాళుడు కథ చెబుతాడు, చివర ఓ చిక్కుముడి వేస్తాడు. ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కథ చదివేవాళ్లు చివరి పేరాని అరచేత్తో మూసేయాలి. విక్రమార్కుడి జవాబు చదివే ముందు ఇంట్లో అందరూ తమ తీర్పు చెప్పాలి. ఆ తర్వాతే చెయ్యి తీయడం. రాజు తీర్పు తమ తీర్పుతో కలవకపోతే రాజుదే తప్పు!

అన్నిటికంటే ఎక్కువ రోజులు నలిగిన కథ మందారవతిది. పదకొండో శతాబ్దంలో కశ్మీర్‌కి చెందిన సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉన్న పాత కథే అది. ఒకే అమ్మాయిని ముగ్గురు యువకులు ప్రేమిస్తారు. ఎవరికీ ఇవ్వకముందే ఆమె జ్వరంతో చనిపోతుంది. ఒకడు ఆ చితాభస్మం మీదే పడుకుని శ్మశానంలో ఉండిపోతాడు. రెండోవాడు అస్థికలు గంగలో కలపడానికి వెళతాడు. మూడోవాడు దేశాలు తిరిగి, పోయిన ప్రాణం తెచ్చే మంత్రం సంపాదించి వచ్చి ఆమెను బతికిస్తాడు. మరి ఆమె ఎవరి భార్య? బతికించినవాడు జన్మనిచ్చాడు కాబట్టి తండ్రి, అస్థికలు గంగకి చేర్చినవాడు కొడుకు చేసే పని చేశాడు, బూడిదని కౌగిలించుకుని ఉన్నవాడే భర్త అని విక్రమార్కుడి తీర్పు.

తాత రాజు పక్షం. "వదలకుండా ఉన్నాడు. అదీ మగాడంటే."

నానమ్మ ఒప్పుకోదు. "బూడిద మీద పడుకుంటే ఒరిగిందేటి? మంత్రం తెచ్చినోడు తిరిగాడు, కష్టపడ్డాడు. కష్టపడినోడికి ఇయ్యాల."

మనవరాలి ప్రశ్న ఈ ఇద్దరి తలల మీదుగా వెళ్లిపోతుంది. "బతికింది కదా, కూర్చుని వింటోంది కదా... ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?"

ఆ మాటకి బియ్యం ఏరే చెయ్యి ఆగింది. వెయ్యేళ్లుగా బేతాళుడికి తట్టని ప్రశ్న చోడవరంలో ఓ ఇంటర్ పిల్లకి తట్టడం చిన్న విషయమేం కాదు. ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఫోన్లోంచి. ఈ తరం పిల్లలకి చందమామ లేదు కానీ బొమ్మల కథలు లేకపోలేదు. వేలితో పైకి తోస్తూ చదివే వెబ్ కామిక్స్ ఉన్నాయి. న్యూజిలాండ్ చిత్రకారిణి రేచెల్ స్మైత్ 2018 నుంచి 2024 దాకా వారం వారం నడిపిన 'లోర్ ఒలింపస్' అందులో ఒకటి. గ్రీకు పురాణంలో పాతాళ రాజు హేడీస్ ఎత్తుకుపోయిన పెర్సెఫొనీ కథ. పాత కథలో ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు. కొత్త బొమ్మల కథలో ఆమెకి మాటొచ్చింది, మనసొచ్చింది. వాళ్లిద్దరూ కలవాలా వద్దా, అతనికి తగునా ఆమె అని ప్రపంచం నలుమూలలా పాఠకులు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. మనవరాలు కూడా ఫోన్లో ఆ కొట్లాటలన్నీ చదివి ఆరితేరింది.

నానమ్మకి ఇదేం కొత్త కాదు. ఆవిడ కాలంలో ఆ కొట్లాటలన్నీ రాజశేఖరం గురించి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవల పేరు చెబితే ఆ తరం ఆడవాళ్ల మొహాలు ఇప్పటికీ వెలుగుతాయి. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా వచ్చిందీ అదే. అద్దె పుస్తకాల షాపులో చేతులు మారీ మారీ, అట్ట ఊడి, చివర నాలుగు పేజీలు చిరిగిపోయిన ప్రతి ఒకటి నానమ్మ చేతికి వచ్చిందట. ముగింపు ఏమిటో తెలియదు. బావి దగ్గర ఒకావిడ ఒకలా చెప్పింది, ఇంకొకావిడ ఇంకోలా చెప్పింది. "రాజశేఖరానికి అంత పొగరేటి, జయంతి అన్నిసార్లు ఏడవాలేటి అని మేం దెబ్బలాడుకునేవోళ్లం. చివర పేజీలు దొరికేదాకా మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఎంత బాగుండేదో!"

ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, తాతకి వినపడేంత మాత్రమే తగ్గించి, అంది. "అందరం రాజశేఖరం వస్తాడనే అనుకున్నాం. ఎవరికొచ్చినోళ్లు వాళ్లకొచ్చారు."

తాత పులిని జరిపాడు. ఎత్తు తప్పు. ఎవరూ ఏమీ అనలేదు.

బాకుకీ గొడ్డలికీ ఒకటే దెబ్బా?

ఇంకో మనవడు డల్లాస్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున వీడియో కాల్ చేస్తాడు, అక్కడ శనివారం రాత్రి. వెనకాల బల్ల చుట్టూ స్నేహితులు, బల్ల మీద రకరకాల ముఖాల పాచికలు. 'ఏటిరా ఆ జూదం?' అని తాత అడగబట్టి ఆ ఆట సంగతీ అరుగు మీదికి వచ్చింది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట, 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. ఒకరు కథ చెబుతుంటారు. మిగతావాళ్లు ఆ కథలో వీరులో మాంత్రికులో అయి, ఏం చేయాలో చెబుతారు. కత్తి దెబ్బ తగిలిందా, ఎంత తగిలిందన్నది పాచిక తేలుస్తుంది. మన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలెట్టి చందమామలో దశాబ్దాల పాటు నడిపిన సీరియల్స్ ఉన్నాయే, వాటిలోకి పాఠకుడే దూకి కత్తి పట్టినట్టు! 'యక్షపర్వతం' చదివిన పిల్లలు ఖడ్గవర్మ కత్తి గొప్పదా, జీవదత్తుడి మంత్రదండం గొప్పదా అని స్కూలు గంట కొట్టేదాకా కొట్టుకున్నారు. అక్కడివాళ్లు ఆ కొట్లాటకి లెక్కలు రాసి పుస్తకాలు వేశారు, అంతే తేడా.

తాతకి నచ్చిన ముక్క ఇది. మొదటి పుస్తకాల్లో ఏ ఆయుధంతో కొట్టినా దెబ్బ ఒకటే. ఆరు ముఖాల పాచిక ఒక్కటి వేయాలి, ఎంత పడితే అంత. చిన్న బాకు అయినా, రెండు చేతులతో ఎత్తే కత్తి అయినా అంతే. "ఇదేటి అన్యాయం? బాకుకీ గొడ్డలికీ ఒకటే దెబ్బా?" అన్నాడు తాత. 1975లో 'గ్రేహాక్' అనే అనుబంధం వేసి ఆ లెక్క మార్చారు. బాకుకి నాలుగు ముఖాల పాచిక, కత్తికి ఎనిమిది ముఖాల పాచిక... అలా ఒక్కో ఆయుధానికి ఒక్కో దెబ్బ. ఆ మార్పు తర్వాత పేచీలు తీరాయా అంటే, అక్కడి నుంచే అసలు పేచీలు మొదలయ్యాయంటాడు డల్లాస్ మనవడు. యాభై ఏళ్లు దాటినా ఏ కత్తికి ఎంత దెబ్బ అని పెద్దపెద్ద ఉద్యోగాలు చేసుకునేవాళ్లు రాత్రి రెండింటిదాకా వాదించుకుంటారట.

అచ్చేస్తే పేచీ తీరుతుందన్నది భ్రమే. చదరంగాన్ని చూడండి. మన దేశవాళీ చదరంగంలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. రాజుకి కోట కట్టుకునే సౌకర్యం లేదు, బదులుగా ఒకసారి గుర్రంలా దూకవచ్చు. ఆ లెక్కల్లోనే ఆట నేర్చుకున్న పంజాబీ మీర్ సుల్తాన్ ఖాన్ కొత్త రూల్స్ ఒంటబట్టించుకుని 1929లో ఇంగ్లండ్ వెళ్లి, ఆ ఏడాదే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లోనూ అతనే. ఆట నేర్చిన రూల్స్ పోయాయి, ఆట మిగిలింది. అతనికి పోయిన తర్వాత గ్రాండ్‌మాస్టర్ గౌరవం ఇచ్చింది 2024లో. ఈ కథ విన్నాక చోడవరం తాత ఒక్క ప్రశ్నే అడిగాడు. "పాత లెక్కలో అతన్ని ఓడించినోళ్లు ఎవరూ లేరా వాళ్లూళ్లో?"

అన్నయ్య లెక్క

అడగాల్సిన ప్రశ్న మనవరాలు ఆఖరున అడిగింది. "అసలీ రెండు మేకల గెంతు నీకెవరు చెప్పారు తాతా?"

అన్నయ్య. ఆ గీతలు చెక్కింది కూడా ఆయనే, పన్నెండేళ్ల వయసులో, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, మేకూ సుత్తీ పట్టుకుని. కొత్తగా వేసిన అరుగు రాయి పాడుచేసినందుకు వాళ్ల నాన్న చేతిలో తిన్న దెబ్బలకి లెక్కే లేదట. ఆ తర్వాత ఆయన గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజుల దాకా, పెళ్లిళ్లయ్యాక, పిల్లలయ్యాక కూడా సాయంత్రం ఇద్దరూ ఇక్కడే. ఆయన పోయి పదకొండేళ్లు.

"పెద్దతాత ఎప్పుడూ ఏది ఆడేవాడు? పులా, మేకా?"

"పులే. పెద్దోడు కదా."

"నువ్వు?"

"మేకలు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

మనవరాలు తాత మొహం చూసింది, గీతలు చూసింది. ఎదురింటాయన దగ్గాడు. ఏభై ఏళ్లు తనని ఓడించిన రూలుని ఈ మనిషి పదకొండేళ్లుగా ఒక్కడే కాపాడుకొస్తున్నాడు! అది మోసపు లెక్క అని ఆయనకి తెలియదా? తెలుసు. చిన్నప్పుడే తెలుసు. వేరే వీధిలో ఆడి వచ్చి ఒకసారి అడిగాడట కూడా. 'మనింట్లో ఇంతే' అన్నాడట అన్నయ్య.

"సరే, ఇయ్యాల నువ్వు పులి" అంది మనవరాలు. గాజుపెంకులు మూడూ తాత వైపు తోసింది.

తాత వాటిని ముట్టుకోవడానికి కాస్త టైం పట్టింది. మేకలు దిగడం మొదలైంది. మనవరాలు జాగ్రత్తగానే ఆడింది. తొమ్మిదో మేక దాకా ఒక్కటీ పోలేదు. పదో మేకని ఎక్కడ పెట్టిందంటే, సరిగ్గా ఇంకో మేక వెనకే, ఒకే గీత మీద, అవతల ఖాళీ వదిలి. తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో ఆ పిల్లనే అడగాలి. వీధి దీపాలు వెలిగాయి. పాలావిడ క్యాను ఎత్తుకుని కూడా కదల్లేదు.

తాత పులిని ఎత్తాడు. రెండు మేకల మీంచి దాటించి అవతల దించాడు. రెండు పిక్కలూ తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

"అన్నయ్య ఇలాగే తీసేవోడు" అన్నాడు. "రెండూ కలిపి. చప్పుడు రాకుండా."

మనవరాలు ఏమీ అనలేదు. ఆ ఆటలో పులులే గెలిచాయి.

పది రోజులకి అనుకున్నట్టే పని మొదలైంది. తాత ఆ అరుగు రాయిని మాత్రం పగలగొట్టొద్దన్నాడు. మాడుగుల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ, ఇద్దరు కూలీలు గునపాలు పెట్టి అంచు లేపారు. రాయి ఊడి వచ్చింది, ఓ మూల చిన్న పెచ్చు పోయింది. పక్కింటి గోడకి ఆనించి నీళ్లు కొట్టి కడిగితే గీతలు ఇంతకు ముందెన్నడూ లేనంత తెల్లగా కనిపించాయి. హైదరాబాద్ కాలేజీలో చేరడానికి బట్టలు సర్దుకుంటున్న మనవరాలు బయటికి వచ్చి ఓ ఫొటో తీసుకుంది.

మేస్త్రీ తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. గీతల మీద వేలు పెట్టి చూశాడు.

"పులుల్ని ఎక్కడ పెడతారు బాబూ మీరు?"

తాత చూపించాడు.

"అక్కడా? మా వైపు అలా కాదు. మా లెక్కలో ఆ కింద పులికి దారే లేదు" అంటూ మేస్త్రీ నేల మీంచి కంకర రాళ్లు ఏరడం మొదలెట్టాడు. కూలీలిద్దరూ గునపాలు పక్కన పెట్టి దగ్గరికొచ్చారు. లోపల్నుంచి నానమ్మ కేక వినిపించింది. ఆ పూట పని అంతటితో ఆగింది.